మాక్, విండోస్, లినక్స్ మూడింటికీ ఒకే యాప్ రాస్తున్నారా? ఏది ఒకేలా ఉంచాలి, ఏది మార్చాలి

కొన్నేళ్ళ కిందట ఒక చిన్న టూల్ రాశా. విండోస్‌లో రాసి, విండోస్‌లోనే టెస్ట్ చేసి, అదే కోడ్‌ని మాక్‌కి కూడా బిల్డ్ చేసి ఇచ్చేశా. వారం తిరక్కుండా మాక్ వాడేవాళ్ళ దగ్గర్నుంచి ఒకటే గోల, సెట్టింగ్స్ మారుస్తున్నాం, సేవ్ అవ్వట్లేదు అని. ఫైల్ రాసే కోడ్ మొత్తం తిరగేశా, పర్మిషన్లు చూశా, లాగ్‌లు పెట్టా, రెండ్రోజులు పోయాయి, ఎక్కడా తప్పు దొరకలేదు. చివరికి ఒకావిడ పక్కన కూర్చుని ఆవిడ ఎలా చేస్తుందో చూశా. సెట్టింగ్ మార్చింది, మౌస్ తీసుకెళ్ళి కుడివైపు చివరున్న బటన్ టక్కున నొక్కేసింది, దానిమీద ఏం రాసుందో చదవను కూడా చదవలేదు. అది క్యాన్సిల్.

విండోస్‌లో ఓకే ముందు, క్యాన్సిల్ తర్వాత. మాక్‌లో క్యాన్సిల్ ముందు, పని జరిగే బటన్ కుడి చివర. ఆవిడ చెయ్యి రోజంతా మిగతా యాప్‌లలో ఏం చేస్తుందో నా దాంట్లోనూ అదే చేసింది. నేను వెతికింది ఫైల్ కోడ్‌లో, తప్పున్నది బటన్ పెట్టిన చోట.

అప్పట్నుంచి ఏ యాప్ మొదలుపెట్టినా ముందు ఈ లెక్క తేల్చుకున్నాకే కోడ్ దగ్గరికి వెళ్తున్నా. నేను చేసే పద్ధతి ఇది.

ముందు ఎవరి కోసం ఒకేలా ఉండాలో అడగండి

"మా యాప్ అన్ని చోట్లా ఒకేలా ఉండాలి" అని మీటింగ్‌లో ఎవరో ఒకరు అంటారు, అందరూ తలూపుతారు. కానీ ఒకేలా ఉంటే హాయి ఎవరికి? డిజైనర్ ఒక్కసారి గీస్తే సరిపోతుంది, టెస్టింగ్ వాళ్ళకి లిస్టు ఒక్కటే, హెల్ప్ పేజీకి స్క్రీన్‌షాట్లు ఒక్క సెట్టు చాలు. అంటే హాయంతా మనకే. వాడేవాళ్ళలో చాలామంది రోజంతా ఒకే మెషీన్ ముందు కూర్చుని పది యాప్‌ల మధ్య తిరుగుతారు, అంతేగానీ ఒకే యాప్ పట్టుకుని పది మెషీన్ల మధ్య తిరగరు. వాడకం తేలిగ్గా ఉండటం మీద పనిచేసే నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో వెబ్‌సైట్ల గురించి చెప్పింది కూడా ఇదే, జనం ఎక్కువసేపు గడిపేది మీ సైట్లో కాదు మిగతా సైట్లలో అని, కాబట్టి మీ సైటూ వాళ్ళకి తెలిసినట్టే పనిచెయ్యాలని కోరుకుంటారు.

నిజంగానే రెండు మెషీన్ల మీద పనిచేసేవాళ్ళు ఉంటారు, లేరనట్లేదు. ఆఫీసులో విండోస్, ఇంట్లో మాక్. కానీ వాళ్ళు కూడా మాక్ ముందు కూర్చోగానే చేతులు మాక్ పద్ధతిలోకి మారిపోతాయి, బొటనవేలు దానంతటదే కమాండ్ మీదికి వెళ్తుంది. మన యాప్ ఒక్కటి తెరవగానే మళ్ళీ చిటికెన వేలితో కంట్రోల్ నొక్కమంటే వాళ్ళకీ చిరాకే.

అలాగని అన్నీ మార్చెయ్యాలనీ కాదు. నేను వాడే పరీక్ష ఒక్కటే. ఒక్కో పని తీసుకుని, "ఇదే పని మనవాళ్ళు మిగతా యాప్‌లలో కూడా చేస్తారా" అని అడుగుతా. చేస్తారంటే అది ప్లాట్‌ఫామ్ (అంటే విండోస్, మాక్ లాంటి సిస్టమ్) సొత్తు, దాని ఇష్టప్రకారం వదిలెయ్యాలి. మన యాప్‌లో మాత్రమే చేస్తారంటే అది మన సొత్తు, అన్ని చోట్లా ఒక్కలాగే ఉండాలి.

ఒక నోట్‌బుక్ తీసుకుని రెండు వరసలు గీయండి. ఉదాహరణకి డయాగ్రామ్‌లు గీసే యాప్ అనుకుందాం. కాపీ, పేస్ట్, అన్‌డూ, ఫైల్ తెరవడం, ప్రింట్, విండో మూయడం, సెట్టింగ్స్, టెక్స్ట్ బాక్సులో టైప్ చెయ్యడం ఇవన్నీ ఎడమ వరసలోకి పోతాయి, అంటే ప్లాట్‌ఫామ్ వరస. రెండు డబ్బాల్ని గీతతో కలపడం, గీతకి బాణం పెట్టడం, లేయర్ల ప్యానెల్, టూల్స్ ఏ క్రమంలో ఉన్నాయి, వాటి పేర్లు, ఐకాన్లు, ఫైల్ ఫార్మాట్ కుడి వరసలోకి. గంట పని. ఈ గంట పెట్టకుండా మొదలుపెడితే తర్వాత నెలల తరబడి ఒక్కో బగ్ రిపోర్టుకీ విడిగా వాదించుకోవాల్సి వస్తుంది, నాకు బాగా అనుభవం.

రెండు దార్లూ పెద్దోళ్ళే తొక్కి చూశారు

1994లో మైక్రోసాఫ్ట్ మాక్‌కి వర్డ్ 6 ఇచ్చింది, విండోస్ వర్డ్‌తో కోడ్ కలిపేసి. ఫీచర్లు రెండు చోట్లా ఒకటే, కానీ మాక్ వాళ్ళకి అది నెమ్మదిగా, బరువుగా, అచ్చం విండోస్ ప్రోగ్రామ్‌లా అనిపించింది, చాలామంది పాత 5.1నే పట్టుకుని వేలాడారు. తర్వాత 1997లో మాక్ కోసమే విడిగా ఒక విభాగం పెట్టి, ఆఫీస్ 98ని మాక్ యాప్‌లా తీర్చిదిద్దితే గానీ ఆ కోపం చల్లారలేదు. ఇదే తప్పు ఆపిల్ తిరగేసి చేసింది. 2007లో విండోస్‌కి తన బ్రౌజర్ సఫారీ తెచ్చినప్పుడు కిటికీ అంచుల దగ్గర్నుంచి అక్షరాలు నున్నగా చూపించే పద్ధతి దాకా మాక్‌వే దించేసింది, 2009లో సఫారీ 4 వచ్చేసరికి మెల్లిగా విండోస్ వేషంలోకి మారింది. జావా భాష వాళ్ళ మొదటి టూల్‌కిట్‌లో (బటన్లూ బాక్సులూ గీసిపెట్టే రెడీమేడ్ కోడ్) అన్ని సిస్టమ్‌లలోనూ ఉన్న బటన్లూ బాక్సులే దొరికేవి, రెండో టూల్‌కిట్ స్వింగ్ అన్నీ సొంతంగా గీసుకుంది. మొదటిదాంతో యాప్ బీదగా ఉండేది, రెండోదాంతో ఎక్కడా ఆ సిస్టమ్ యాప్‌లా ఉండేది కాదు, మొత్తానికి రెంటికీ చెడ్డ రేవడి.

అయితే త్రీడీ బొమ్మలు తయారుచేసే బ్లెండర్ సంగతి చూడండి. ఏ మెషీన్‌లో తెరిచినా అచ్చు గుద్దినట్టు ఒకటే, జరపడానికి జి, తిప్పడానికి ఆర్, పెంచడానికి ఎస్. ఎవరూ తిట్టరు, ఎందుకంటే త్రీడీ వస్తువుని తిప్పడం అనే పనికి ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర పద్ధతే లేదు, పైగా మనుషులు అందులోనే రోజులకి రోజులు ఉంటారు, ట్యుటోరియల్ ఏ మెషీన్‌లో తీసినా అందరికీ పనికొస్తుంది. ఫైల్ తెరిచే విండో కూడా అది సొంతంగానే గీసుకుంటుంది. మామూలుగా అయితే నేను ఒప్పుకోను గానీ, అందులో ఒక బ్లెండర్ ఫైల్‌ని ఫోల్డర్‌లా తెరిచి లోపలున్న ఒక్క వస్తువుని ఎంచుకుని తెచ్చుకోవచ్చు, ఆ పని సిస్టమ్ విండో చెయ్యలేదు. సొంతంగా గీసుకోవాలంటే అలాంటి కారణం ఉండాలి, "మా బ్రాండ్ రంగుల్లో ఉంటే బావుంటుంది" లాంటివి కాదు.

కీబోర్డ్, అసలు గొడవంతా ఇక్కడే

చాలామంది చేసేది, కంట్రోల్ ఉన్న చోటల్లా కమాండ్ అని మార్చేసి చేతులు దులిపేసుకోవడం. మూడు సిస్టమ్‌లకీ యాప్‌లు రాసే టూల్‌కిట్లలో ఎలక్ట్రాన్ అయితే "కమాండ్ ఆర్ కంట్రోల్" అని ఒకే పేరు రాస్తే చాలు, క్యూట్ అయితే కంట్రోల్ అని రాస్తే మాక్‌లో దానంతటదే కమాండ్ అనుకుంటుంది. కాపీ, పేస్ట్, సేవ్, ప్రింట్ వరకూ ఇది బానే పనిచేస్తుంది. ఆ తర్వాతే మొదలవుతుంది.

విండోస్‌లో చాలా ఎడిటర్లలో రీప్లేస్‌కి కంట్రోల్+హెచ్. దాన్ని గుడ్డిగా మాక్‌కి మారిస్తే కమాండ్+హెచ్ అవుతుంది, మాక్‌లో దానర్థం యాప్‌ని దాచెయ్. అంటే పదం మార్చుదామని నొక్కినవాడికి విండోనే మాయమవుతుంది! అందుకే కోడ్ రాసే ఎడిటర్ వీఎస్ కోడ్ మాక్‌లో రీప్లేస్‌కి ఆప్షన్+కమాండ్+ఎఫ్ పెట్టింది. కమాండ్+ఎమ్ విండోని కిందకి దించుతుంది, కమాండ్+స్పేస్ మాక్‌లో వెతికే స్పాట్‌లైట్ తెరుస్తుంది, కమాండ్+ట్యాబ్ యాప్‌లు మారుస్తుంది, ఇవేవీ మనవి కావు. ట్యాబుల మధ్య తిరగడానికి మాత్రం మాక్‌లో కూడా కంట్రోల్+ట్యాబే.

అన్‌డూ చేసింది తిరిగి తెచ్చే రీడూ విండోస్‌లో కంట్రోల్+వై, మాక్‌లో కమాండ్+షిఫ్ట్+జడ్, లినక్స్ డెస్క్‌టాప్‌లలో ఒకటైన గ్నోమ్‌లో కంట్రోల్+షిఫ్ట్+జడ్. ఫైల్ పేరు మార్చడానికి విండోస్‌లో ఎఫ్2, మాక్‌లో ఫైళ్ళు చూపించే ఫైండర్‌లో ఎంటర్, అదే ఎంటర్ విండోస్‌లో ఫైల్‌ని తెరుస్తుంది. హోమ్, ఎండ్ కీలు విండోస్‌లో లైను మొదటికీ చివరికీ తీసుకెళ్తాయి, మాక్‌లో డాక్యుమెంట్ మొదటికీ చివరికీ. ఒక్కో పదం దూకడానికి విండోస్‌లో కంట్రోల్+బాణం, మాక్‌లో ఆప్షన్+బాణం.

ఇంకో గుంట, విండోస్‌లో కంట్రోల్+ఆల్ట్ కలిపి షార్ట్‌కట్లు పెట్టకండి. యూరప్ కీబోర్డుల్లో ఆల్ట్‌జీఆర్ అని ఒక కీ ఉంటుంది, విండోస్ దాన్ని కంట్రోల్+ఆల్ట్ కిందే లెక్కేస్తుంది. మీరు కంట్రోల్+ఆల్ట్+ఎస్ దేనికైనా పెట్టారంటే పోలిష్ రాసుకునేవాళ్ళకి ఎస్ మీద గీత ఉండే అక్షరం టైప్ అవ్వకుండా పోతుంది, పాపం వాళ్ళకి అది ఎందుకు జరుగుతోందో కూడా తెలీదు.

కాబట్టి కోడ్‌లో కీల పేర్లు చెల్లాచెదురుగా రాయకండి. ముందు పనులకి పేర్లు పెట్టండి, వెతుకు, మార్చు, వెనక్కి, ముందుకి అని, తర్వాత మూడు ప్లాట్‌ఫామ్‌లకి మూడు టేబుళ్ళు. మెనూలో చూపించేదీ, టూల్‌టిప్‌లో చూపించేదీ, హెల్ప్‌లో రాసేదీ అన్నీ ఆ టేబుల్ నుంచే రావాలి. మాక్‌లో "కంట్రోల్+ఎస్ నొక్కండి" అని రాసున్న హెల్ప్ పేజీ చూస్తే ఆ యాప్‌ని మాక్‌లో ఎవరూ తెరిచి చూడలేదని ఇట్టే తెలిసిపోతుంది.

బటన్లు, విండోలు, మెనూలు

బటన్ల వరస సంగతి మొదట్లోనే చెప్పా. లినక్స్‌లో మళ్ళీ రెండు రకాలు, గ్నోమ్‌ది మాక్ దారి, కేడీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌ది విండోస్ దారి. ఇవన్నీ గుర్తుపెట్టుకుని చేత్తో పేర్చొద్దు, టూల్‌కిట్‌కి "ఇది ఒప్పుకునే బటన్, ఇది వద్దనే బటన్" అని చెప్తే అదే పేర్చుకుంటుంది, క్యూట్‌లో డైలాగ్ బటన్ బాక్స్ ఉన్నది దానికే. ఇంకో మంచి అలవాటు ఏంటంటే ఓకే అని కాకుండా "సేవ్", "డిలీట్" అని పని పేరే బటన్ మీద రాయండి, వరస తప్పినా కనీసం చూసి ఆగే అవకాశం ఉంటుంది.

విండో మూస్తే యాప్ ఆగిపోవాలా? విండోస్‌లో, లినక్స్‌లో చివరి విండో మూస్తే మామూలుగా యాప్ అయిపోయినట్టే. మాక్‌లో విండో పోయినా యాప్ ఉంటుంది, డాక్‌లో ఐకాన్ నొక్కితే కొత్త విండో రావాలి, ఆపాలంటే కమాండ్+క్యూ. ఎలక్ట్రాన్ శాంపిల్ కోడ్‌లో డార్విన్ అని ఒక చెక్ కనిపిస్తుంది చూడండి, అది మాక్‌కి ఇంకో పేరు, ఆ లైను ఉన్నది ఇందుకే. చాలామంది అదేంటో తెలీక తీసేస్తారు. ఒకే ఒక్క విండో ఉండే చిన్న యుటిలిటీ అయితే మాక్‌లో కూడా విండోతో పాటు ఆగిపోతే తప్పులేదు.

సెట్టింగ్స్ మాక్‌లో యాప్ పేరుతో ఉండే మొదటి మెనూలో, షార్ట్‌కట్ కమాండ్+కామా. విండోస్‌లో టూల్స్ కింద ఆప్షన్స్ అనో ఫైల్ కింద అనో ఉంటుంది, లినక్స్‌లో తరచుగా ఎడిట్ కింద. ఇక్కడ క్యూట్ వాడేవాళ్ళు కాస్త జాగ్రత్త, మాక్‌లో మెనూ ఐటమ్ పేరు సెటప్, ఆప్షన్స్, కాన్ఫిగ్ లాంటి మాటలతో మొదలైతే అదేదో సెట్టింగ్స్ అనుకుని యాప్ మెనూలోకి ఎత్తుకెళ్ళిపోతుంది. అలాంటి ఐటమ్ ఉన్నట్టుండి దాని చోట కనిపించకపోతే హడావుడి పడకండి, ఆ ఐటమ్‌కి మెనూ రోల్ (మెనూలో ప్రత్యేక పాత్ర) ఏమీ లేదని కోడ్‌లో చెప్తే ఉన్నచోటే ఉంటుంది. ఎలక్ట్రాన్‌లో ఇంకో తమాషా, మాక్‌లో సొంత మెనూ పెట్టి అందులో ఎడిట్ మెనూ పెట్టడం మర్చిపోతే కమాండ్+సి, కమాండ్+వి పనిచెయ్యవు, ఎందుకంటే అక్కడ ఆ షార్ట్‌కట్లు మెనూ ద్వారానే వస్తాయి. ఎవరూ ఆ మెనూ తెరవరు కదా అని తీసేస్తే పాస్‌వర్డ్ కూడా పేస్ట్ చేసుకోలేని యాప్ తయారవుతుంది.

అస్సలు సొంతంగా చెయ్యకూడనివి

టెక్స్ట్ బాక్స్, ఫైల్ తెరిచే విండో. ఈ రెండింటి మీద నేను ఎవరితోనైనా దెబ్బలాడతా.

టెక్స్ట్ బాక్స్ చూడ్డానికి నాలుగు గీతలు, మధ్యలో మిణుకుమనే కర్సర్, అంతే కదా అనిపిస్తుంది. లోపల స్పెల్‌చెక్ ఉంటుంది, డబుల్ క్లిక్‌తో పదం, ట్రిపుల్ క్లిక్‌తో పేరా ఎంచుకోవడం ఉంటుంది, మాక్‌లో కంట్రోల్+ఎ లైను మొదటికీ కంట్రోల్+ఇ చివరికీ తీసుకెళ్తాయి, లినక్స్‌లో మౌస్ మధ్య బటన్ నొక్కితే సెలెక్ట్ చేసింది పేస్ట్ అవ్వాలి. తెలుగు, అరబిక్, చైనీస్ లాంటివి టైప్ చేసేవాళ్ళకి ఇన్‌పుట్ మెథడ్ (నొక్కిన కీలని ఆ భాష అక్షరాలుగా మార్చేది) కావాలి, ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా పడాలి, బ్యాక్‌స్పేస్ కొడితే ఎంత పోవాలో అంతే పోవాలి. చూపు లేనివాళ్ళకి మాక్‌లో వాయిస్‌ఓవర్, విండోస్‌లో ఎన్‌వీడీఏ, లినక్స్‌లో ఓర్కా ఆ బాక్సులో ఏముందో చదివి చెప్పాలి. సొంతంగా గీసుకుంటే ఇవన్నీ మీ నెత్తినే పడతాయి, ఒక్కటి తప్పినా ఎవరో ఒకరికి యాప్ మూతపడినట్టే.

ఫైల్ విండో కూడా అంతే. పక్కన వాళ్ళు దాచుకున్న ఫోల్డర్లు, క్లౌడ్ డ్రైవ్‌లు, ఈమధ్య తెరిచిన ఫైళ్ళు అన్నీ సిస్టమ్ విండోలో ఉంటాయి. పైగా మాక్‌లో శాండ్‌బాక్స్‌లో (యాప్‌ని మిగతా ఫైళ్ళకి దూరంగా ఉంచే కంచె) నడిచే యాప్‌కి, లినక్స్‌లో అలాంటి కంచెతోనే వచ్చే ఫ్లాట్‌పాక్ యాప్‌కి, మామూలుగా మనిషి సిస్టమ్ విండోలో ఎంచుకున్న ఫైల్‌కే పర్మిషన్ దొరుకుతుంది. మీరు అందంగా గీసుకున్న విండోకి అసలు ఫైళ్ళే కనపడవు.

ఒకేలా ఉండి తీరాల్సినవి

ఇక కుడి వరస. ఫైల్ ఫార్మాట్ విషయంలో రాజీ వద్దు, విండోస్‌లో సేవ్ చేసింది లినక్స్‌లో తెరిస్తే గీత కూడా జరక్కూడదు. ఫాంట్లు సిస్టమ్‌వి వాడితే కొలతలు మారి లైన్లు వేరే చోట విరుగుతాయి, కాబట్టి డాక్యుమెంట్ లోపలి ఫాంట్ యాప్‌తో పాటే ఇవ్వండి, మెనూల ఫాంట్ మాత్రం సిస్టమ్‌దే ఉంచండి. ఫైల్ పేర్లు యాప్ తయారుచేస్తుంటే అందులో కోలన్, ప్రశ్నార్థకం పెట్టకండి, విండోస్ ఒప్పుకోదు. సెట్టింగ్స్ దాచే ఫోల్డర్ మాత్రం ఎక్కడికక్కడ వేరు, విండోస్‌లో యాప్‌డేటా, మాక్‌లో లైబ్రరీ కింద అప్లికేషన్ సపోర్ట్, లినక్స్‌లో డాట్ కాన్ఫిగ్.

పేర్లు కూడా ఒకటే ఉండాలి. ఒకచోట "లేయర్", ఇంకోచోట "పొర" అంటే సపోర్ట్ వాళ్ళ ప్రాణం పోతుంది. టూల్స్ క్రమం, ఐకాన్లు, ప్యానెల్ ఎటువైపు ఉందో అన్నీ ఒకటే.

రంగులు, మూలల గుండ్రం, నీడలు లాంటి పైపై వేషం గురించి నాకు పెద్ద పట్టింపు లేదు. వీఎస్ కోడ్ ఏ సిస్టమ్‌కీ సొంత యాప్‌లా కనపడదు, అయినా జనం వాడుతున్నారు, ఎందుకంటే కీలు ఎక్కడివక్కడ సరిగ్గా ఉన్నాయి, ఫైల్ విండో సిస్టమ్‌దే. కంటికి కొత్తగా ఉంటే రెండు రోజుల్లో అలవాటవుతుంది, వేళ్ళకి కొత్తగా ఉంటే ఏళ్ళు పట్టినా అవ్వదు. అందుకని టైమ్ తక్కువుంటే ముందు కీలు, బటన్ల వరస, టెక్స్ట్ బాక్సులు సరిచేసి, అందం సంగతి తర్వాత చూడండి.

ఫోన్లకీ ఇదే లెక్క, ఆండ్రాయిడ్‌లో బ్యాక్ సిస్టమ్‌ది, ఐఫోన్‌లో ఎడమ అంచు నుంచి లాగితే వెనక్కి వెళ్ళాలి. ఆ రెండూ పాడుచెయ్యకపోతే చాలావరకు గట్టెక్కినట్టే.

చివర్లో టెస్టింగ్

మీరే మూడు మెషీన్లలో తెరిచి చూసుకుంటే సరిపోదు, ఎందుకంటే మీ యాప్ మీకు తెలుసు, బటన్ ఎక్కడున్నా మీ చెయ్యి అక్కడికే పోతుంది. ఆ ఒక్క సిస్టమ్ మాత్రమే వాడేవాళ్ళని కూర్చోబెట్టండి, ఒక పని ఇవ్వండి, నోరు మూసుకుని వాళ్ళ చేతులు చూడండి. ఒక కీ నొక్కి ఏమీ జరక్క రెండోసారి నొక్కారంటే అక్కడ ఒక బగ్ రాసుకోవచ్చు. తర్వాత మౌస్ పీకేసి అదే పని కీబోర్డుతో చెయ్యమనండి. సిస్టమ్‌లో అక్షరాల సైజు పెంచి, డార్క్ మోడ్ పెట్టి ఒకసారి, స్క్రీన్ రీడర్ పెట్టి ఒకసారి. అరపూటలో అయిపోతుంది.

రెండు మెషీన్లూ నిజంగా వాడేవాళ్ళ కోసం సెట్టింగ్స్‌లో కీమ్యాప్ (ఏ పనికి ఏ కీ అనే టేబుల్) ఎంచుకునే చోటు ఒకటి పెట్టండి, జెట్‌బ్రెయిన్స్ ఎడిటర్లలో ఉన్నట్టు. మామూలుగా సిస్టమ్ పద్ధతే ఉండాలి, కావాలన్నవాళ్ళు మార్చుకుంటారు. నా టూల్‌లో మాక్ బటన్లు సరిచేశాక కూడా ఒకాయన మెయిల్ పెట్టాడు, ఆఫీసు విండోస్‌లో ఒకలా, ఇంట్లో మాక్‌లో ఇంకోలా ఉంది, రెండూ ఒకేలా పెట్టండి అని. మీ మాక్‌లో మిగతా యాప్‌లలో క్యాన్సిల్ ఎటువైపు ఉందో ఒకసారి చూడండి సార్ అని రాశా. గంట తర్వాత జవాబొచ్చింది, "ఇన్నాళ్ళూ గమనించనే లేదండీ" అని.